ఇరవై మూడో ప్రశ్న

మొదటి ప్రశ్న సులువు.
కాడ గుండ్రమా, మూడు పలకలా?
వేళ్ళ మధ్య దొర్లించాను. గుండ్రం.
రెండుకి వెళ్ళు, అంది పుస్తకం.

నారిన్ నదికి ఎగువన
గాలి తప్ప ఏదీ నిటారుగా నిలబడని వాలులో
మోకాళ్ళ మీద కూర్చుని
ఒక గడ్డిని అడుగుతున్నాను, నువ్వెవరివని.
భుజాన చెక్కల మధ్య బిగించిన పాత దినపత్రికలు,
మెడలో తాడుకి భూతద్దం.
గుర్రాల కళ్ళేలు పట్టుకుని ఎరాలీ, పన్నెండేళ్ళవాడు,
"ఇంకా ఎంతసేపు, ఎజే?" అంటాడు.
వాడి లెక్కలో గడ్డి రెండే రకాలు:
గుర్రం తినేది, గుర్రం మూతి తిప్పుకునేది.

ఆకుని తొడుగు నుంచి మెల్లగా వెనక్కి వంచితే
కాడని విడిచే చోట ఒక సన్నటి పొర.
దాన్ని నాలుక అంటాం మేము.
నోరు లేనిదానికి నాలుక.
కొన్నిటికి అది పల్చటి తెర, కొన్నిటికి వెంట్రుకల వరస.
దీనిది తెరే, కానీ అంచు చిరిగి ఉంది,
ఏదో చెప్పబోయి కొరుక్కున్నట్టు.

ఏడుకి వెళ్ళు.
పన్నెండుకి వెళ్ళు.
పొట్టు పొడవెంత, గింజ అడుగున మొన ఎంత వాడి,
మీసం ఎన్నిసార్లు మెలి తిరిగింది,
తలుపు వెనక తలుపు తీసుకుంటూ పోయాను.
ఇరవై మూడు దగ్గర ఆగిపోయాను.
మీసానికి నూగుంటే ఒక పేరు, నున్నగా ఉంటే ఇంకో పేరు.
ఒకే వెన్నులో
ఒక గింజకి నూగు,
పక్కదానికి లేదు.

సాయంత్రం తోక్తోబుబు గుడారానికి తీసుకెళ్ళాను.
ఆవిడ చియ్ కాడలకి రంగు ఉన్ని చుడుతోంది,
ఒక్కొక్క పుల్లకీ, చాపలో అది ఎక్కడ పడుతుందో ముందే తెలిసి.
చియ్‌నే చూడండి,
మా పుస్తకాల్లో దాని ఇంటిపేరు ఎన్నిసార్లు మారిందో.
ఈ గుడారంలో మాత్రం మారలేదు.

నా గడ్డిని అందుకుని వంచింది, పళ్ళ మధ్య పెట్టి కొరికింది.
"విరిగితే పొయ్యికి, వంగితే చాపకి.
ఇది వంగుతుంది, కానీ ఉన్ని నిలవదు, జారిపోతుంది."
పేరు?
"పనికి పిలవనిదానికి పేరెందుకే?"
ఇంకో నాలుగు పుల్లలు చుట్టాక, తల ఎత్తకుండానే,
"మా అత్త దీన్ని చూస్తే పక్కనుంచి నడిచేది.
తొక్కేది కాదు.
ఎందుకని నేనడగలేదు."

బిష్కెక్‌లో, నాఫ్తలీన్ వాసన గదిలో,
ఇనప బీరువా అడుగు అరలో దొరికింది ఇదే గడ్డి,
నేను పుట్టకముందు ఎవరో కోసి అతికించింది.
కాగితం మూలన మూడు చీటీలు, మూడు చేతిరాతలు, మూడు పేర్లు.
ఆఖరి పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం.
ఆ రాత నాకు తెలుసు.
సాకిన్ అబ్దిల్దాయేవ్నా, మా గురువుగారు,
క్లాసులో ఒక్కసారి కూడా "ఏమో" అనని మనిషి.
ఆ కొక్కెం మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాను.

తర్వాత నా చీటీ రాసుకున్నాను.
ఎత్తు, రెండు వేల ఆరు వందల మీటర్లు.
నేల, రాతి వాలు, దక్షిణం వైపు.
జాతి గడి ఖాళీ.
స్థానికులు ఏమంటారు అన్నచోట
'తొక్కరు' అని రాశాను.
పై అధికారి ఒప్పుకోడు. సిరాతోనే రాశాను.

ఇంటికొచ్చి మేజోడు విప్పితే
మడమ దగ్గర గుచ్చుకుని ఒక గింజ,
కొండ మీంచి నాతోపాటు బస్సెక్కి వచ్చింది.
పీకి బల్ల మీద పెట్టి టీకి నీళ్ళు పడేశాను.
ఆవిరి తగిలినట్టుంది,
మెలిపడ్డ మీసం
ఒక చుట్టు విప్పుకుంది, ఎవరూ ముట్టుకోకుండా.
గింజ మొన బల్లగుడ్డలో దిగడం మొదలెట్టింది,
ఇక్కడ మట్టి లేదని దానికెవరు చెప్తారు?

టీ చల్లారిపోయింది. మీసం ఆగిపోయింది.
కెటిల్ మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.